అవ్వ బిళ్ళ

పెద్దవాళ్ళకు ఒక గట్టి నమ్మకం ఉంటుంది. పిల్లలకు చెవులుంటాయి గాని వాటి వెనక ఏమీ ఉండదని. మా ఇంట్లో ఆ నమ్మకం లేనివాళ్ళు లేరు. అందుకే నన్ను కన్న మా అవ్వ పోయిన రోజు అన్ని మాటలూ నా తల మీదుగానే మాట్లాడుకున్నారు.

అప్పటికి నాకు నాలుగేళ్ళు దాటాయి. మా ఊరు చొప్పదండికి రెండు కోసుల దూరం. మా బాపు గంగయ్యకు ఆరెకరాల మెట్ట చెలక, బావి కింద కొంచెం మడి ఉండేవి. ఇంట్లో బాపు, అవ్వ, నేను, బాపును కన్న లస్మవ్వ. ఆమెను నేను బాపమ్మా అని పిలిచేదాన్ని. అవ్వకు జ్వరమొచ్చి అరుగు మీద పడుకుంది, పడుకున్నది మళ్ళీ లేవలేదు. పక్కింటి పోశవ్వ నన్ను చంకనేసుకుని వాళ్ళింటికి తీసుకుపోయి జొన్న గటక పెట్టింది. నేను తింటూ ఉంటే ఎవరో వచ్చి అంతా అయిపోయిందా అని అడిగారు. అయిపోయింది, నిప్పుల్లో పెట్టి వస్తున్నారని పోశవ్వ చెప్పింది. సాయంత్రం ఇంటికి పోతే అరుగు కడిగి ఉంది, అవ్వ లేదు. ఎక్కడికి పోయిందని అడిగితే, అమ్మమ్మ ఊరికి పోయిందని బాపమ్మ అంది. బాపు గోడ వైపు మొఖం తిప్పుకుని కూర్చున్నాడు.

నేను రెండు మాటలూ నమ్మాను. నిప్పుల్లో పెట్టారు, తర్వాత అమ్మమ్మ ఊరికి పోయింది. ఆ వయసులో ఒక మాట నిజమైతే ఇంకోటి అబద్ధం కావలసిన పని లేదు.

ఆర్నెల్లు తిరగకముందే బాపుకు మళ్ళీ పెళ్ళి కుదిరింది. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. మొదటి పెళ్ళాం పోయిన మనిషిని చేసుకునే ఆమె, పోయిన ఆమె పేరు మీద ఒక వెండి బిళ్ళ మెడలో కట్టుకోవాలి. రూపాయి కన్నా చిన్నది, దాని మీద ఆడమనిషి బొమ్మ ఉంటుంది. పండుగ పూట వండిన అన్నం ముందు దానికి తాకించి తినాలి. కొత్త చీర ముందు దానికి చూపించి కట్టుకోవాలి. అట్లా చేస్తే పోయిన ఆమె శాంతంగా ఉంటుందని, వచ్చిన ఆమె కడుపు జోలికి రాదని నమ్మకం.

బిళ్ళ చేయించడానికి చొప్పదండిలో అవుసలాయన దగ్గరికి పోతూ బాపమ్మ నన్నూ వెంటబెట్టుకుంది. అక్కడ మూట విప్పితే అందులో అవ్వ కాలి కడియం ఉంది. చూడగానే గుర్తుపట్టాను. నాకప్పుడు మనుషులు కాళ్ళ దగ్గర మొదలయ్యేవాళ్ళు. బాపు అంటే పగిలిన మడమలు, బాపమ్మ అంటే వంకర బొటనవేలు, అవ్వ అంటే ఆ కడియాలు. అవుసలాయన కడియాన్ని ముక్కలు కొట్టి, మట్టి మూసలో వేసి, నిప్పుల మీద పెట్టి గొట్టంతో ఊదాడు. చాలాసేపు ఊదాడు. చివరికి ఒక చిన్న వెండి ముద్దను సుత్తెతో సాగగొట్టి, అచ్చు మీద పెట్టి మళ్ళీ కొడితే బొమ్మ లేచింది. మిగిలిన వెండి కొత్త కోడలి మట్టెలకు పోయిందన్న సంగతి నాకేం తెలుసు? నేను చూసింది ఒకటే. నా అరచేయి కన్నా పెద్ద కడియం నిప్పుల్లోకి పోయి, నా బొటనవేలి గోరు కన్నా కొంచెం పెద్దదై బయటికొచ్చింది.

బాపమ్మ ఆ బిళ్ళను నా చేతిలో పెట్టింది.

“గిదే మీ అవ్వ. దండం పెట్టు” అంది.

నాకు అంతా తేటతెల్లమైంది. నిప్పుల్లో పెడితే పెద్దవి చిన్నవవుతాయి. అవ్వ చిన్నదయింది, అంతే. ఇన్నాళ్ళూ ఎందుకు కనపడలేదో తెలిసినందుకు నాకు సంతోషం కూడా కలిగింది. దండం పెట్టాను. పిల్ల ఏడవకుండా భలే ఉందని అవుసలాయన మెచ్చుకున్నాడు.

కొత్తగా వచ్చిన ఆమె పేరు కిష్టవ్వ. ధర్మపురి అవతల ఊరు. పదిహేడేళ్ళుంటాయేమో, నా కంటికి మాత్రం బాపమ్మ ఈడు మనిషే. పెద్దవాళ్ళందరూ ఒకే ఈడు వాళ్ళు కదా. ఆమెను చిన్నవ్వా అని పిలవమన్నారు. ఆమె నెమ్మదస్తురాలు, నోట్లో నాలుక లేని మనిషి. నా తల దువ్వేది. జొన్నరొట్టె నా కోసం చిన్నది వేరే చేసి, మధ్యలో బెల్లం ముక్క పెట్టేది. అది నేను తింటూ ఉంటే చూస్తూ కూర్చునేది.

ఆమె వచ్చిన మొదటి రోజే నేను ఆమె పక్కలో చేరాను. బిళ్ళ ఆమె మెడలో నల్లదారానికి ఉంది, పుస్తెలతాడు పక్కనే. దాని మీద చేయి వేసి పడుకున్నాను. మరునాడూ అంతే. ఊరంతా ఆశ్చర్యపోయింది. సవతి బిడ్డను నాలుగు రోజుల్లో కొంగుకు ముడేసుకుందని బావి కాడ ఆడవాళ్ళు కిష్టవ్వను ఆటపట్టించేవాళ్ళు. ఏం మందు పెట్టినవో మాకూ చెప్పమనేవాళ్ళు. ఆమె సిగ్గుపడి నవ్వేది. ఆ ఇంట్లో ఆమెకంటూ దొరికిన మొదటి మనిషిని నేనే అనుకుంది పాపం. నిద్రలో నా చేయి జారిపోతే మెల్లగా తీసి మళ్ళీ తన గుండె మీద పెట్టుకునేది.

నేను పట్టుకున్నది అవ్వను. ఆమెను కాదు. ఇప్పుడు రాయడానికి చేయి రావడం లేదు గాని, అది నిజం.

నాకు అవ్వ మీద బెంగ పోయింది గాని ఫికరు మొదలైంది. ఆమెకు పండుగనాడు తప్ప అన్నం పెట్టడం లేదు. పెట్టినా ముట్టించి తీసేసి కిష్టవ్వే తినేస్తుంది. ఉగాదికి చీర చూపించారు, మళ్ళీ లాక్కున్నారు. రవిక కింద గాలి ఆడదు. అవ్వకు ఊపిరాడుతుందా అని ఒకసారి కిష్టవ్వను అడిగాను. ఆమె మొఖం పాలిపోయింది. ఎవరన్నరే గా మాట అని అడిగింది. ఆమెకు ఆ బిళ్ళంటే భయమని నాకు తెలియదు. స్నానం చేసేటప్పుడు కూడా దాని వైపు చూసేది కాదు.

వానలు మొదలయ్యాక బాపమ్మ మా జాలారు పక్కన, స్నానాల నీళ్ళు పోయే చోట, బీర గింజలు పెట్టింది. వేలి కణుపంత లోతు, రెండేసి గింజలు. మరునాడు పొద్దున నేను మట్టి తవ్వి గింజ పెద్దదయిందా అని చూస్తున్నాను. బాపు వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

“తవ్వి సూడద్దు బిడ్డా. సూస్తె సస్తది” అన్నాడు.

అవ్వ పోయినప్పటి నుంచి బాపు నాతో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకని ప్రతి మాటా నాకు శాసనం. మళ్ళీ తవ్వలేదు. ఐదో రోజు పొద్దున రెండు ఆకులు లేచాయి. నెల తిరిగేసరికి తీగ పందిరెక్కింది, రెండో నెలకు ఇంటికప్పు మీదికి పాకింది. నా గోరంత గింజ మా ఇంటికన్నా పెద్దదయింది. నేను దాని కింద కూర్చుని చాలా రోజులు చూశాను. చిన్నవి మళ్ళీ పెద్దవి కావాలంటే ఏం చేయాలో నాకు తెలిసిపోయింది. ఇంత తేలిక పని బాపుకూ బాపమ్మకూ ఎందుకు తోచలేదని మాత్రం అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం కిష్టవ్వ అరుగు మీద పడి నిద్రపోతోంది. ఆమెకు మూడో నెల. ఎప్పుడు చూసినా నిద్రపోయేది. బాపు చెలకలో ఉన్నాడు, బాపమ్మ నాట్లకు పోయింది. నల్లదారం ముడిని పళ్ళతో కొరికి విప్పాను. బిళ్ళను తీసుకుపోయి బీరపాదు మొదట్లో వేలి కణుపంత లోతు పెట్టి, మన్ను కప్పి, దోసిలితో నీళ్ళు పోశాను. బొమ్మ మొఖం పైకి ఉండేట్టు పెట్టాను. తర్వాత వచ్చి కిష్టవ్వ పక్కన పడుకున్నాను.

ఆమె లేచి మెడ తడుముకుంది. అరుగంతా వెతికింది. పక్క దులిపింది, రవిక విప్పి చూసుకుంది. అప్పుడు నా వైపు చూసింది. దగ్గరికొచ్చి కూర్చుని, ఎవరికీ వినపడకుండా అడిగింది.

“బిడ్డా, మెడల బిల్ల నువ్వు గిట్ట తీసినవా?”

“నేను తియ్యలే” అన్నాను.

చెబితే తవ్వుతారు. తవ్వితే అవ్వ చస్తుంది. బాపు చెప్పాడు. దాన్ని ఇప్పుడు అబద్ధమంటారు. అప్పుడు నేను కాపలా కాస్తున్నాను.

మరునాడు ఇంకోసారి అడిగింది. అదే చెప్పాను. మళ్ళీ ఆమె అడగలేదు. పడుకున్నప్పుడు నేను ఆమె మీద చేయి వేయడం మానేశాను. ఆమె నా చేయి తీసి గుండె మీద పెట్టుకుంటే వెనక్కి లాక్కున్నాను. అక్కడ అవ్వ లేదు. నాకక్కడ ఏం పని?

రెండు రోజులు కిష్టవ్వ మెడ చుట్టూ కొంగు కప్పుకుని తిరిగింది. మూడో రోజు బాపమ్మ చూసింది. చూసిన దగ్గర నుంచి ఇల్లు ఇల్లులా లేదు. పోయిన ఆమెను మెడలోంచి తీసి పారేసిందని, సవతి పొడ గిట్టలేదని బాపమ్మ అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పింది. కిష్టవ్వ ఒకటే మాట అంది, నిద్రలో పోయింది, నాకెరుక లేదని. ఐదో రోజు ఆమెకు కడుపు పోయింది. పోశవ్వ నన్ను మళ్ళీ చంకనేసుకుని వాళ్ళింటికి తీసుకుపోయి గటక పెట్టింది. ఇంకెవరో వచ్చి అడిగారు. మొదటామె ఊరుకుంటదా, తీసుకపోయిందని పోశవ్వ చెప్పింది.

అది విని నాకు కోపం వచ్చింది. అవ్వ ఎక్కడికీ పోలేదు. పాదులో ఉంది.

ఊరి పెద్దమనిషి హనుమండ్లు వచ్చాడు. కిష్టవ్వ తండ్రి మొండయ్యకు కబురు పెడితే ఆయనా వచ్చాడు. వాకిట్లో గొంగడి పరిచి కూర్చున్నారు. ఇంకా నెత్తురు ఆగని మనిషిని వాకిట్లో నిలబెట్టి అడిగారు. బిళ్ళ ఎక్కడ పారేసినవు? బాయిలనా, వాగులనా? ఆమె దేవుని మీద ఒట్టేసింది, తండ్రి మీద ఒట్టేసింది. నా కడుపులోది నేనే ఎట్లా పోగొట్టుకుంటానని అడిగింది. నేను గడప మీద కూర్చుని బెల్లం తింటున్నాను. ఆమె ఒట్లు వేస్తూ వేస్తూ మధ్యలో ఆగి నా వైపు చూసింది. నేను ఆమె కాళ్ళ వైపు చూశాను. కొత్త మట్టెలు. నా మనసు అంతా లెక్కలో ఉంది. బీర ఐదు రోజులకు మొలిచింది. మనిషి ఇంకా పెద్దది కాబట్టి ఇంకొన్ని రోజులు పడుతుంది.

నన్ను ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తట్టలేదు.

కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంచుకోమని మొండయ్యకు చెప్పారు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో అక్కడున్న అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. బాపు లేచి ఎడ్లను విప్పుకొచ్చాడు. బండి కట్టారు. ఆమె బట్టల మూట ఎక్కించారు. బండి కదిలేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి కూర్చుంది, మొఖం మా ఇంటి వైపు. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. నాకు ఏడుపు రాలేదు, దిగులు వేయలేదు. బండి మలుపు తిరగగానే పోయి పాదుకు నీళ్ళు పోశాను.

రోజూ పోశాను. వానలు ఆగాయి. కాయలు కోశారు, కొన్ని ముదిరి ఎండి పీచయ్యాయి. కార్తీకంలో తీగ వాడిపోయింది. మా జిల్లా ఆంధ్రతో కలిసిందని ఆ రోజుల్లోనే చావడిలో ఎవరో చదివి చెప్పారట. మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. బాపమ్మ ఎండిన తీగను లాగి పారేస్తుంటే నేను పక్కన నిలబడి, అప్పటికి గాని చెప్పలేకపోయాను. బాపమ్మా, అవ్వ మొలవలేదు అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. ఎక్కడ అని అడిగితే చూపించాను. గడ్డపారతో తవ్వింది. బిళ్ళ నల్లబడి ఉంది. కొంగుతో తుడిచి దాన్ని చూస్తూ మట్టిలో కూర్చుంది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా రెండు భుజాలూ పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“గీ ముచ్చట సచ్చినా ఎవ్వలికి చెప్పకు. మీ బాపు ఊర్ల మొఖమెత్తుకోలేడు” అంది.

బాపమ్మ చెడ్డది కాదు. ఆ మాటా చెప్పాలి. ఆ రోజు రెండు పూటలా అన్నం తినలేదు. కాని బండి కట్టించి కిష్టవ్వను తెప్పించనూ లేదు. అప్పటికే బాపుకు ఇంకో సంబంధం మాట్లాడి ఉన్నారు. ఆ వచ్చిన ఆమె సమ్మక్క. బాపమ్మ బిళ్ళను చింతపండుతో తోమి, కొత్తది చేయించామని చెప్పి ఆమె మెడలో కట్టింది. సమ్మక్కకు నలుగురు పుట్టారు, నలుగురూ బతికారు. అంతా బిళ్ళ మహిమ అన్నారు. నేను సమ్మక్క పక్కలో ఒక్కనాడూ పడుకోలేదు. ఎందుకో ఆ పిల్లకు ఎవరి మీదా మాయా ప్రేమా లేదని, రాయి లాంటి పిల్లని పోశవ్వ అనేది. అన్నీ నా తల మీదుగానే.

ఇది జరిగిన పన్నెండేళ్ళకు నేను మా అత్తగారి వాళ్ళతో ధర్మపురి జాతరకు పోయాను. గోదావరిలో మునిగి, తడిచీర పిండుకుంటూ మెట్ల మీద నిలబడితే ఒకామె నన్నే చూస్తోంది. చూసి చూసి దగ్గరికొచ్చింది.

“నువ్వు గంగయ్య బిడ్డవు గాదా, బాలలక్ష్మివి?”

గొంతు విని గుర్తుపట్టాను. ఒళ్ళు నల్లబడింది, ముందరి పన్ను ఒకటి లేదు. బోథ్ వైపు మారుమనువు చేశారట, మాటలో అక్కడక్కడా మరాఠీ కలిసింది. ఇద్దరు పిల్లలు కొంగు పట్టుకుని ఉన్నారు. మెట్ల మీద కూర్చోబెట్టి, మూటలోంచి అటుకులు తీసి నా చేతిలో పోసింది. బాపును అడిగింది, బాపమ్మ పోయిందంటే అయ్యో అంది. నాకు పెళ్ళయి రెండేళ్ళయిందంటే సంతోషపడింది. నేను అటుకులు నములుతూ అన్నిటికీ జవాబులు చెప్పాను. లేచి పోవాలని ఉంది.

తర్వాత ఆమె నీళ్ళ వైపు చూస్తూ, కోపం లేకుండా, నిన్న జరిగిన ముచ్చటలాగా చెప్పింది.

“బిల్ల నువ్వే తీసినవని నాకు ఆనాడే ఎరుక. నీ చేతులకు మన్ను ఉండె.”

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నేను జెప్తె ఎవలు నమ్ముతరు? తల్లి లేని పోరి మీద పెట్టిందంటరు. నువ్వు జెప్తవని సూసిన. బండి వాగు దాటేదాంక సూసిన.”

నేను ఆమె కాళ్ళను చూస్తూ కూర్చున్నాను. క్షమించమని అడగాలని తెలుసు. ఆ మాట రాలేదు. ఇంకేదో వచ్చింది. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది.

“చెప్తె తవ్వుతరనుకున్న. తవ్వితె సస్తదనుకున్న.”

“ఎవలు?”

“అవ్వ.”

ఆమె నా వైపు తిరిగింది. పెద్దపిల్ల కొంగు లాగుతూ చక్కెర బత్తీసలు కొనివ్వమంటోంది. దాన్ని ఆగమని, తడిచేయి నా తల మీద పెట్టింది. ఐదేళ్ళ పిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

“మీ అవ్వ అప్పటికే సచ్చిపోయింది గదా బిడ్డా.”

ఆ సంగతి నాకు ఎప్పటి నుంచో తెలుసు. కాని ఒక మనిషి నా మొఖం చూసి ఆ మాట నాతో చెప్పడం అదే మొదటిసారి.